తనంతట తాను మాఱని పనిముట్టు

(మన సంఘ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



నేటి సభలో మేము మాటలాడవలసిన విషయము చూచుటకు మిక్కిలి చిన్నది. కంప్యూటరులోని బ్రౌజరునకు తగిలించు ప్లగిన్ అను పనిముట్టు పాతబడి, తనంతట తాను క్రొత్త కూర్పునకు మాఱక మొరాయించినపుడు ఏమి చేయవలెను? ప్రశ్న ఇంతియే. ఇది పిల్లలు చూచుకొనవలసిన సంగతి గదా, పెద్దల సభలో దీనికేమి పని యని కొందఱకు తోచవచ్చును. కాని మన భివండీలో నేడు నూలు కొనువానికిని, సాంచలు నడుపువానికిని, గుడ్డ అమ్మువానికిని కంప్యూటరుతో పని పడక తీఱదు. 2017వ సంవత్సరము జులై 1వ తేదీన వస్తు సేవల పన్ను అమలులోనికి వచ్చినది. నాటినుండి మన లెక్కలన్నియు ఇంటర్నెట్ ద్వారానే దాఖలగుచున్నవి. గడువు దాటిన ప్రతి దినమునకు 50 రూపాయల ఆలస్య రుసుము, లావాదేవి యేమియు లేని లెక్కయైనచో 20 రూపాయలు, కట్టవలసిన పన్ను మిగిలియున్నచో దానిపై ఏటికి నూటికి 18 వంతున వడ్డీ. సంతకము పెట్టు పనిముట్టు ఆగినచో లెక్క ఆగును. లెక్క ఆగినచో రుసుము పెరుగును. కొనుగోలుదారు మనతో బేరమాడుటకు వెనుదీయును. కనుక ఇది చిన్న విషయము కాదు.

మేము వర్తకులము, ఇంజనీర్లము కాము. పదవ తరగతితో చదువు చాలించి నూలు బేళ్ళ నడుమ పెరిగినవారము. ఐనను ఈ విషయమును సామాన్యుని మాటలతో సామాన్యునకు చెప్పవచ్చునని మా విశ్వాసము. మన పూర్వులు తెలంగాణపు పల్లెలనుండి మగ్గము విద్యను వెంటబెట్టుకొని ఈ ఊరికి వచ్చిరి. పద్మనగరులోను, కామత్‌ఘరులోను నేడు వారి మనుమలు, మునిమనుమలు ఉన్నారు. చేమగ్గమునుండి సాంచకు మాఱవలసి వచ్చినపుడు వారు భయపడలేదు, నేర్చుకొనిరి. అదే బుద్ధితో ఈ పనిముట్టునుగూడ మనము నేర్చుకొనవచ్చును.

ముందుగా ప్లగిన్ అనగా నేమి? మామూలు సాంచమీద సాదా గుడ్డ నేయుదుము. గుడ్డలో చిన్న బుటా కావలసినచో సాంచపై డాబీ ఎక్కింతుము. డాబీ సాంచలో భాగము కాదు. సాంచను చేసిన కార్ఖానా వేఱు, డాబీని చేసిన కార్ఖానా వేఱు కావచ్చును. బ్రౌజరు సాంచ వంటిది. అది జాలపు పుటలను చూపును. దానికి చేతకాని పనిని, అనగా చలనచిత్రము చూపుట, సంతకము పెట్టుట, వేఱు లిపిని చదివి చూపుట వంటివానిని చేయించుటకు తగిలించు డాబీయే ప్లగిన్. ఈ పద్ధతి 1990వ దశకము నడుమ నెట్‌స్కేప్ అను బ్రౌజరుతో వాడుకలోనికి వచ్చినది. తరువాత పొడిగింపు అనగా ఎక్స్‌టెన్షన్ అనునది వచ్చినది. అదియు తగిలించునదియే గాని, బ్రౌజరు చెప్పిన హద్దులలో మెలగునట్టిది. నేడు మనవారు రెంటిని ప్లగిన్ అనియే పిలుచుచున్నారు. మేమును అట్లే పిలిచెదము.

ఇక తనంతట తాను మాఱుట యనగా నేమి? సాంచలో పేక పోగు తెగినపుడు ఫోర్కు అను ముల్లు దానిని కనిపెట్టి సాంచను నిలుపును. నేతగాడు నాలుగు సాంచలను ఒక్కడే చూచుకొనగలుగుట ఆ ముల్లు పుణ్యమే. కాని ముల్లు వంగినచో ఏమగును? పేక లేకయే పడుగు సాగిపోవును. సాంచ చప్పుడు మాత్రము మామూలుగానే వినబడును. గుడ్డ చుట్టిన పిమ్మట గాని సందు కనబడదు. ముల్లు లేని సాంచకంటె ముల్లు వంగిన సాంచయే ప్రమాదకరము. ఏలయన అచ్చట మన కన్ను నిద్రించును. ప్లగిన్ సంగతియు ఇంతియే. క్రోమ్ వంటి బ్రౌజరు కొన్ని గంటల కొకమాఱు తన పొడిగింపులకు క్రొత్త కూర్పు వచ్చినదేమో యని తానే విచారించి తెచ్చుకొనును. ఈ ఏర్పాటు మంచిదే. కాని అది నిలిచిపోయినపుడు చాటింపు వేయదు. ఇరువదవ తేదీ సాయంకాలమున సంతకము పడనపుడే మనకు తెలియవచ్చును. నేడు మేము చెప్పదలచిన ముఖ్యాంశ మిది: దానంతట అది జరుగు పనిని గూడ ఒక మనుష్యుడు అప్పుడప్పుడు చూచుచుండవలెను.

ఆ ఏర్పాటు ఏయే కారణములచేత నిలిచిపోవునో విచారింతము.

మొదటి కారణము, చేసినవాడు చేయుట మానివేయుట. ఫ్లాష్ అను ప్లగిన్ ఒకప్పుడు లోకమంతట ఉండెడిది. దానిని చేయు అడోబీ సంస్థ 2017 జులైలోనే ముందుగా ప్రకటించి, 2020 డిసెంబరు 31వ తేదీతో దానికి ఊతము మానివేసినది. 2021 జనవరి 12వ తేదీనుండి ఆ ప్లగిన్ తనలో ఏ పుటను ఆడనీయకుండ చేసినది. అటువంటి దానికి నవీకరణ ఎన్నటికిని రాదు. దానికొఱకు ఎదురుచూచుట మూతబడిన మిల్లు గుమ్మమున కూలికి నిలుచుట వంటిది.

రెండవ కారణము, చేసినవాడున్నను బ్రౌజరు తలుపు మూయుట. పాత ప్లగిన్‌ల ద్వారా దొంగలు కంప్యూటరులోనికి చొరబడుచున్నారని బ్రౌజరులవారు ఆ పద్ధతినే ఎత్తివేసిరి. క్రోమ్ 2015 సెప్టెంబరులో వెలువడిన 45వ కూర్పుతో దానిని పూర్తిగా తీసివేసినది. ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలో వెలువడిన 52వ కూర్పుతో ఫ్లాష్ ఒక్కటి తప్ప మిగిలినవానిని తీసివేసినది. జావా ప్లగిన్‌ను దాని కర్తలైన ఒరాకిల్ వారే 2018లో వెలువడిన జావా 11వ కూర్పునుండి తొలగించిరి. పొడిగింపులలో గూడ పాతపద్ధతి వానిని క్రోమ్ 2024వ సంవత్సరము నడుమనుండి క్రమముగా నిలిపివేసినది. సాంచ మాఱినది, పాత డాబీ అమరదు. డాబీకి ఎంత నూనె పోసినను ప్రయోజనము లేదు.

మూడవ కారణము, బ్రౌజరే పాతబడుట. దీని వెనుక తఱచుగా ఉండునది పాత విండోస్. మన ఆఫీసులలో చాల కాలము విండోస్ 7 నడిచినది. క్రోమ్ 2023 ఫిబ్రవరిలో వెలువడిన 110వ కూర్పునుండి విండోస్ 7ను విడిచిపెట్టినది. ఆ కంప్యూటరులో 109వ కూర్పే కడపటిది. అచ్చట ప్లగిన్ మాఱలేదని ప్లగిన్‌ను నిందించుట తగదు; పునాది కదలనిచో గోడ కదలదు. విండోస్ 10నకు సైతము మైక్రోసాఫ్ట్ వారు 2025 అక్టోబరు 14వ తేదీతో సామాన్యపు ఊతమును ముగించిరి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అను పాత బ్రౌజరును 2022 జూను 15వ తేదీన విరమింపజేసిరి. అది లేనిదే నడువని పుటలకొఱకు ఎడ్జ్ బ్రౌజరులో ప్రత్యేకముగ ఒక ఏర్పాటు కలదు. దానిని 2029 వఱకైనను ఉంచెదమని వారు మాట ఇచ్చియున్నారు.

నాల్గవ కారణము వినుటకు వింతగా నుండును: గడియారము. కంప్యూటరు మూలపలకపై నాణెమంత బ్యాటరీ ఒకటి యుండును. అది చచ్చినచో కరెంటు పోయి వచ్చినప్పుడెల్ల కంప్యూటరు తేదీ కొన్ని సంవత్సరములు వెనుకకు పోవును. జాలములోని ప్రతి యోగ్యతాపత్రమునకు మొదలు తేదీ, కడపటి తేదీ ఉండును. మన తేదీ తప్పైనచో నేటి పత్రము గూడ చెల్లనిదిగా కనబడును, నవీకరణ ఆగిపోవును. మన ఊరి కరెంటు సంగతి మీకు మేము చెప్పనక్కఱలేదు.

పత్రము గడువు తీఱుట చేసినవారి వైపునను జరుగును. 2019 మే 4వ తేదీన ఫైర్‌ఫాక్స్ వారి పత్రమొకటి గడువు తీఱినందున ప్రపంచమంతట ఆ బ్రౌజరులోని పొడిగింపులు ఒక్కసారిగ పనిచేయుట మానినవి. వాడుకరుల దోషము ఇసుమంతయు లేదు. అప్పుడు ఆ సంస్థవారు ఇచ్చిన హితవు గుర్తుంచుకొనదగినది: పొడిగింపును తీసివేసి మఱల పెట్టకుడు, తీసివేసినచో అందలి సమాచారము పోవును, సవరణ వచ్చువఱకు ఆగుడు అనిరి. వారు త్వరలోనే సవరణ పంపిరి. మఱల 2025 మార్చి 14వ తేదీన వారి మూలపత్రమొకటి ముగిసినది. 128వ కూర్పునకు పూర్వపు ఫైర్‌ఫాక్స్ వాడుచున్నవారు, దీర్ఘకాలపు ఊతము గల 115వ కూర్పులోనైనచో 115.13నకు పూర్వముది వాడుచున్నవారు, చిక్కులో పడిరి. ఈ రెండవ మాఱు మాత్రము ముందుగానే హెచ్చరిక యుండెను. విన్నవారికి కష్టము కలుగలేదు.

ఐదవ కారణము మిక్కిలి సాధారణమైనది. క్రొత్త కూర్పు దిగియే యుండును గాని, బ్రౌజరును మూసి తెఱచిన గాని అది అమలులోనికి రాదు. మన దుకాణములలో కంప్యూటరును నెలల తరబడి ఆర్పక, బ్రౌజరును మూయక ఉంచుట అలవాటు. అట్లే కంప్యూటరులో మార్పులు చేయు అధికారము గల ఖాతాతో కాక వేఱొక ఖాతాతో పనిచేయుచున్నచో, నవీకరణకు అనుమతి దొరకదు. జాలములోని అధికారపు అంగడినుండి కాక, ఎవరో పెన్‌డ్రైవులో తెచ్చి పెట్టిన పొడిగింపునకు క్రొత్త కూర్పు వచ్చు దారియే ఉండకపోవచ్చును. ఇది ఆఱవ కారణము.

కారణములు తెలిసినవి గనుక విచారణ క్రమమును చెప్పెదము. అనుభవము గల జాబరు సాంచ ఆగినపుడు ఒక్కమాఱే పది చీలలు విప్పడు. ఒకటి సరిచేయును, నడిపి చూచును, ఆ పిమ్మట రెండవదానిని ముట్టును. ఇచ్చటను ఒకమాఱు ఒక్కటియే మార్చవలెను. లేనిచో ఏది బాగుచేసినదో, ఏది చెఱచినదో తెలియదు.

మొదట, తెరపై వచ్చిన మాటలను ఉన్నవున్నట్లు వ్రాసికొనుడు, లేదా మొబైలుతో ఫోటో తీసికొనుడు. "పనిచేయుటలేదు" అను ఫిర్యాదుతో ఏ నిపుణుడును ఏమియు చేయలేడు. రెండవది, బ్రౌజరును పూర్తిగా మూసి తెఱువుడు. కంప్యూటరునే ఒకమాఱు ఆర్పి వెలిగింపుడు. మూడవది, తేదీని, గంటను, ముఖ్యముగ సంవత్సరమును చూడుడు. నాల్గవది, బ్రౌజరులోని హెల్ప్ అను భాగమున అబౌట్ అను మాటను నొక్కి, బ్రౌజరు ఏ కూర్పో చూడుడు. క్రొత్తది ఉన్నచో అచ్చటనే దిగును. ఐదవది, పొడిగింపుల పుటను తెఱువుడు. క్రోమ్‌లో డెవలపర్ మోడ్ అనుదానిని వెలిగించినచో అప్‌డేట్ అను మీట కనబడును. ఫైర్‌ఫాక్స్‌లో యాడ్-ఆన్స్ పుటలోని పళ్ళచక్రపు గుర్తును నొక్కినచో చెక్ ఫర్ అప్‌డేట్స్ అను మాట కనబడును. తనంతట తాను మాఱనిదానిని అచ్చట మన చేతితో మార్చవచ్చును.

ఆఱవది, ఇంతవఱకు ఫలితము లేనిచో అదే పనిని వేఱొక బ్రౌజరులోగాని, ప్రక్కవారి కంప్యూటరులోగాని చేసి చూడుడు. అచ్చట నడచినచో దోషము మన యంత్రములోనున్నది. అచ్చటను నడువనిచో దోషము ఎదుటి జాలములోనో, పనిముట్టులోనో ఉన్నది. మన యంత్రమును విప్పుట వృథా. ఈ ఒక్క పరీక్ష గంటల శ్రమను తప్పించును. ఏడవది, చేసినవారి సొంత పుటకు పోయి ఆ పనిముట్టు ఇంకను బ్రదికియున్నదో లేదో చూడుడు. బ్రదికియున్నచో అందలి ఏర్పాట్లను వ్రాసికొని, భద్రపఱచుకొని, ఆ పిమ్మటనే పాతదానిని తీసివేసి క్రొత్తదానిని అచ్చటినుండియే దింపుకొనుడు. లేనిచో దానిని తీసివేయుడు. దాని స్థానమున వచ్చినదేదో విచారింపుడు. చచ్చిన పనిముట్టును బ్రదికించుటకై పాత బ్రౌజరును వెదకి తెచ్చి పెట్టుట ఎన్నటికిని కూడదు.

ఇక మన వ్యాపారమునకు సంబంధించిన సంతకపు పనిముట్టు సంగతి. బ్రౌజరులు పాత ప్లగిన్‌లను వెడలగొట్టిన పిమ్మట, సంతకము పెట్టు పని బ్రౌజరు వెలుపలికి వచ్చినది. వస్తు సేవల పన్ను జాలమున ఎంసైనర్ అను చిన్న పనిముట్టును కంప్యూటరులోనే స్థాపించుకొనవలెను. బ్రౌజరు దానితో కంప్యూటరు లోపలనే మాటలాడును. బ్రౌజరు తనంతట తాను మాఱినంత మాత్రమున ఇది మాఱదు; క్రొత్త కూర్పు వచ్చినపుడు మనమే పన్ను జాలమునుండి దింపుకొనవలెను. క్రొత్తదానిని పెట్టుటకు ముందు పాతదానిని తీసివేయుడు. దాని గుర్తుపై కుడిమీట నొక్కి, అడ్మినిస్ట్రేటరుగా నడుపుము అను మాటను ఎన్నుకొనుడు. సర్వరుతో సంబంధము కుదురలేదు అను మాట కనబడినచో, తఱచుగా ఆ పనిముట్టు నడచుట లేదనియే అర్థము. ఆదాయపు పన్ను జాలమునకు మఱియొక పనిముట్టు కలదు. ఒకే యంత్రములో ఇటువంటివి రెండు మూడు ఒకేమాఱు నడచుచున్నచో అవి ఒకదాని దారికి మఱియొకటి అడ్డము రావచ్చును. అక్కఱలేనివానిని మూసి చూడుడు.

అన్నియు సరిగా నున్నను సంతకము పడనిచో, సంతకపు టోకెనును చూడుడు. టోకెను డ్రైవరు ఉన్నదా? సంతకపు పత్రము గడువు తీఱినదా? ఈ పత్రములు సాధారణముగ రెండు మూడేండ్లకే ముగియును. గడువు తీఱిన సంతకమునకు ప్లగిన్‌ను నిందించుట, చమురు లేని దీపమునకు వత్తిని నిందించుట వంటిది. రహస్యసంఖ్యను తప్పుగా పలుమాఱులు కొట్టినచో టోకెను బిగిసిపోవును, ఊహించి కొట్టకుడు.

ఇంకొక మాట. కంపెనీలకును, ఎల్‌ఎల్‌పీలకును ఈ సంతకము విధిగా కావలెను. కాని సొంత వ్యాపారము చేయువాడును, సామాన్య భాగస్వామ్యపు దుకాణమును మొబైలునకు వచ్చు ఓటీపీతోనే లెక్కను ధ్రువపఱచవచ్చును. మన సభ్యులలో అధికసంఖ్యాకులు ఈ తరగతివారే. అవసరము లేని పనిముట్టును మోయుచు, అది పాడైనదని దుఃఖించుట ఏల? పనిముట్టును బాగుచేయుటకు ముందు, అది మనకు కావలెనా యని అడుగుటయు విచారణలో భాగమే.

చేయరాని పనులు రెండు చెప్పెదము. మొదటిది: మీ ప్లగిన్ పాతబడినది, ఇచ్చట నొక్కుడు అని ఏదో పుట నడుమ ఎగిరివచ్చు పెట్టెను నమ్మరాదు. ఫ్లాష్ బ్రదికియున్న దినములలో దొంగలు ఎక్కువగ పన్నిన వల ఇదియే. ఫ్లాష్‌బ్యాక్ అను దొంగ పనిముట్టు 2011లో ఫ్లాష్ వేషముననే ఆపిల్ మ్యాక్ కంప్యూటర్లలోనికి ప్రవేశించినది. మఱుసటి సంవత్సరము అది జావాలోని లోపమును పట్టుకొన్నది. ఒరాకిల్ వారు ఆ లోపమును 2012 ఫిబ్రవరిలోనే సవరించిరి. కాని ఆపిల్ వారి సవరణ ఏప్రిల్‌లో గాని రాలేదు. ఆ నడుమ సుమారు 6 లక్షల మ్యాక్‌లు దాని వాతబడినట్లు లెక్క తేలినది. సవరణ పుట్టుట ఒక యెత్తు, అది మన యంత్రమునకు చేరుట ఒక యెత్తు అని దీనివలన గ్రహింపవలెను. నవీకరణ ఎప్పుడును బ్రౌజరు లోపలి పుటనుండిగాని, చేసినవారి సొంత పుటనుండిగాని మాత్రమే తీసికొనుడు. మోసపోయి ధనము పోయినచో వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయుడు, సిగ్గుపడి ఊరకుండకుడు.

రెండవది: పనిముట్టు మొరాయించినదని టోకెనును, దాని రహస్యసంఖ్యను ఒరుల చేతిలో పెట్టి ఇంటికి పోవుట. ఇది మన ఊరిలో మిక్కిలి వ్యాపించిన అలవాటు. లెక్కలు చూచువారు సజ్జనులే కావచ్చును. కాని ఆ టోకెనుతో పెట్టిన సంతకము చట్టము దృష్టిలో మన సంతకమే. 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 42వ సెక్షను ఆ రహస్యమును తగినంత జాగ్రత్తతో కాపాడుకొను భారమును సంతకదారునిపైననే ఉంచినది. ఖాళీ కాగితముమీద వ్రేలిముద్ర వేసి యిచ్చినవారి కథలు మన పెద్దలు ఎన్ని చెప్పలేదు? ఇదియు అట్టిదే, కాగితము మాత్రము లేదు.

"మాకు అక్కౌంటెంటు ఉన్నాడు, అతడే చూచుకొనును" అని పెద్దలనుట మేమెఱుగుదుము. ఆ మాటలో న్యాయము లేకపోలేదు; సాంచ నడుపువాడు మిల్లు కట్టనక్కఱలేదు. కాని సాంచ ఏల ఆగినదో జాబరు చెప్పినపుడు అర్థము చేసికొనునంతటి తెలివి యజమానికి ఉండవలెను. లేనిచో ప్రతి చిన్న మరమ్మతునకు క్రొత్త యంత్రము కొనవలసినదని చెప్పువానిని సైతము అతడు నమ్మవలసివచ్చును.

ఇంతవఱకు ధనమునకు సంబంధించిన సంగతి చెప్పితిమి. ఇక అక్షరమునకు సంబంధించినది. మనము అల్పసంఖ్యాక భాషావర్గమువారము. మనకు ఇది ధనముకంటె తక్కువ కాదు.

తెలుగు అక్షరములకు యూనికోడ్ అను అంతర్జాతీయ సంకేతపద్ధతిలో 1991లో వెలువడిన తొలి కూర్పుననే చోటు దొరకినది. ఐనను అది వాడుకలోనికి వచ్చుటకు చాల కాలము పట్టినది. 2000వ దశకములో ఈనాడు మొదలగు పత్రికలు జాలములో తమ తమ సొంత ఫాంట్లతో తెలుగును చూపుచుండెను. ఒక పత్రిక సంకేతము మఱియొకదానికి తెలియదు. పరదేశముననున్న తెలుగువాడు వార్తను తెఱచినచో అర్థములేని గీతలు కనబడుచుండెను. అప్పుడు నాగార్జున వెన్నగారు పద్మ అను ఫైర్‌ఫాక్స్ పొడిగింపును చేసిరి. అది ఆ సొంత ఫాంట్ల వ్రాతను అప్పటికప్పుడు యూనికోడ్ తెలుగులోనికి మార్చి చూపునది. మన పద్మనగరు పేరును తలపించు ఆ పనిముట్టు ఎందఱకో తెలుగును మఱల చదువు భాగ్యము కలిగించినది.

కాని అది పాతపద్ధతిలో వ్రాయబడిన పొడిగింపు. 2017 నవంబరు 14వ తేదీన ఫైర్‌ఫాక్స్ 57వ కూర్పు వెలువడినపుడు ఆ పాతపద్ధతి పొడిగింపులన్నియు ఒక్కసారిగ నిలిచిపోయినవి. పద్మవంటి పనిముట్లు చేసినవారిలో దోషమేమియు లేదు. క్రింది నేల కదలినది. పత్రికలు యూనికోడ్‌లోనికి వచ్చినందున నేటి వార్తకు కష్టము లేదు. మఱి నిన్నటి వ్రాతకు? తెలుగు అచ్చుపనిలో అను ఫాంట్ల వంటివి విరివిగా వాడుకలోనున్నవి. అట్టి ఫాంట్లలో కూర్చిన ఫైలు, ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెలుగు కాదు, గీతల ప్రోవు. మన సంఘ నివేదికలు, సభ్యుల పట్టికలు, పెద్దల జీవిత చరిత్రలు, పెండ్లి సంబంధముల వివరములు అట్లున్నచో, అవి ఒక పాత పనిముట్టు దయపై ఆధారపడియున్నట్లే. ఆ పనిముట్టు పోయిన నాడు మన మనుమలు ఆ ఫైలును తెఱచి, ఇది ఏ భాష యని అడుగుదురు. ఈ ఊరిలో మూడు తరములు మరాఠీ, హిందీల నడుమ తెలుగును కాపాడుకొని, తుదకు దానిని ఒక పనిముట్టు వలన పోగొట్టుకొందుమా?

కావున సంఘమునకు మూడు సూచనలు చేయుచున్నాము.

ఒకటి, ప్రతి దుకాణములోను ఒక నోటుపుస్తకపు పుటను దీనికై కేటాయింపుడు. కంప్యూటరులో ఏయే పనిముట్లు ఉన్నవి, వానిని ఎవరు చేసిరి, ఎచ్చటినుండి దింపితిమి, ఏ కూర్పు, సంతకపు పత్రము ఎప్పుడు ముగియును అను ఐదు వివరములు అందులో వ్రాయుడు. రహస్యసంఖ్యను మాత్రము వ్రాయకుడు. నెల నెల పదవ తేదీన ఆ పుటను తీసి, ఒక్కొక్కదానిని నడిపి చూడుడు. పదవ తేదీన కనబడిన లోపమును సరిచేయుటకు పది దినములుండును. ఇరువదవ తేదీ సాయంకాలమున కనబడినదానికి ఉండునవి గంటలే.

రెండు, కళాశాలలో చదువుచున్న మన పిల్లలు, బాలికలతో సహా, కొందఱు వారమున కొక సాయంకాలము సంఘ భవనమున కూర్చుండి, సభ్యులకు ఈ విచారణ క్రమమును చేసి చూపవలెను. చేసి పెట్టుట కాదు, చేసి చూపుట. మీట నొక్కు చేయి సభ్యునిదే కావలెను. అప్పుడే విద్య ఒక యింటినుండి మఱియొక యింటికి పోవును.

మూడు, సంఘమువద్దనున్న పాత తెలుగు ఫైళ్ళనన్నిటిని, వానిని తెఱువగల కంప్యూటరు ఇంకను నడచుచుండగనే, యూనికోడ్‌లోనికి మార్పించి, ఒక ప్రతిని కాగితముపై అచ్చువేసి భద్రపఱచవలెను. ఫాంటు మార్చు పనిముట్లు తప్పులు చేయును, ఒత్తులు తాఱుమాఱగును. కనుక తెలుగు చక్కగా తెలిసిన పెద్దలు ఒకమాఱు చదివి దిద్దవలెను. కంప్యూటరు తెలియని పెద్దలకును ఈ కార్యములో స్థానము కలదు. పిల్లలకంటె వారి స్థానమే పెద్దది.

సోదరులారా, యంత్రము తనంతట తాను మాఱునని చెప్పినవాడు అబద్ధమాడలేదు. ఎంతకాలము మాఱునో మాత్రము చెప్పలేదు. ఆ గడువును కనిపెట్టియుండుట మన పని. ఈ పదవ తేదీననే మొదలిడుడని కోరుచున్నాము.